ఉప్పుతో పాటు ఒక తప్పు

మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజుల మాట. ఉప్పు మళ్లకీ పచ్చ కొండకీ నడుమ దాలయ్య అనే పంతులు ఉండేవాడు. అతని ఆస్తి మూడు దమ్మిడీలు. ఒకటి తాటాకులకి పోయింది. ఒకటి రాసే గంటానికి పోయింది. మూడోదానితో చాప కొని బడి పెట్టాడు. శిష్యులెంతమంది? సున్నా.

కొండ మీదివాళ్లు దిగి రావాలంటే మూడు రోజుల నడక. పడవలవాళ్లు నేల మీద ఉండేదే తక్కువ. ఉప్పు మళ్లలో తెల్లారితే పని. బడికొస్తే గంజి లేదు, గంజికెళితే బడి లేదు. పోనీ తనే వెళ్దామంటే దాలయ్యది కుంటికాలు. ఊరి పొలిమేర చేరేసరికే పొద్దు వాలిపోయేది.

ఒకనాడు ఊరూరా ఉప్పు అమ్మే ఎర్రెమ్మ ఎద్దుల్ని తోలుకుంటూ ఆ దారిన వచ్చింది.

"ఏటి పంతులు బాబూ, సాపకి పాఠం సెప్తన్నావా?"

"నువ్వెన్ని ఊళ్లు తిరుగుతావే?"

"ఉప్పు పోని ఊరుందేటి?"

దాలయ్య కళ్లు మెరిశాయి. వేళ్లు లెక్కలో పడ్డాయి. ఎద్దులు తొమ్మిది. ఎద్దుకి అటొకటీ ఇటొకటీ సంచులు. సంచికో తాటాకు. నెలకి రెండు చుట్లు. "ఏడాదికి నాలుగు వందల ముప్ఫై రెండు పాఠాలు!" అని అరిచాడు.

"నా ఎద్దులు సదువుకుంటే మరి ఉప్పెవరు మోస్తారు బాబూ?" అంది ఎర్రెమ్మ.

అయినా, అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు ఊరికొకరైనా ఉంటారని ఆకులు పట్టుకెళ్లింది. పదిహేనో రోజున తిరిగొచ్చింది. ఒకామె ఆకుతో పొయ్యి విసురుకుందట. ఒకాయన చుట్టి చెవికి పెట్టుకున్నాడట. ఒకరిది మేక తినేసిందట.

"మిగతావాళ్లు?"

"బాగుందన్నారు."

"ఏం బాగుందన్నారు?"

"అది నేనడగనేదు."

దాలయ్య మూడు రోజులు ఆలోచించాడు. కంటికి కనపడని శిష్యుడు చదివాడో లేదో ఎలా తెలుస్తుంది? నాలుగో రోజున గంటం తీశాడు. ఆకు ఆకునా ఒక తప్పు, కావాలనే, రాశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ఉప్పెద్దులు తిట్లు మోసుకొచ్చాయి.

కొండ మీద మేకలు కాసే సుక్కి తిట్టింది: "ఏడెనిమిదులు యాభై ఆరు. యాభై నాలుగని రాశావు. ఆ రెండూ నువ్వు తిన్నావా?"

పడవ నడిపే పెంటయ్య తిట్టాడు: "పున్నమి నుంచి పున్నమికి ఇరవై రోజులా? మా ఆటుపోట్లు నిన్నడిగి వస్తాయా?"

ఉప్పు మళ్లలో పైడమ్మ, ఆవిడకి అరవై ఏళ్లు, అందరికన్నా గట్టిగా తిట్టింది: "ఉప్పు కొలిస్తే తూముకి నాలుగు కుంచాలు. ఐదని ఎవడు సెప్పాడ్రా నీకు?"

తిట్టిన ముగ్గురికీ దాలయ్య రెండో పాఠం పంపాడు. మురిసిపోయాడు.

"తిట్టించుకుని నవ్వుకునే మనిషిని నిన్నే సూశాను," అంది ఎర్రెమ్మ.

మొదటి ఏడు ముగ్గురు తిట్టారు. రెండో ఏడు ముప్ఫై మంది. మూడో ఏడు మూడు వందల మంది.

అలా ఉండగా ఒక సంచి చిరిగింది. ఒక ఆకు జారింది. అది కోట బడిలో చదువు చెప్పే పెద్దొజ్జ చేతిలో పడింది. ఆయన తలపాగా గుమ్మడికాయంత. ఆకు చదివి గుండెలు బాదుకుంటూ రాజు దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ! ఏడెనిమిదులు యాభై నాలుగట! ఈ కుంటి పంతులు దేశాన్ని పాడు చేస్తున్నాడు!"

"కావాలనే రాశాను ప్రభూ," అన్నాడు రాజు పిలిపిస్తే వచ్చిన దాలయ్య.

"తప్పు చేసిన ప్రతివాడూ అదే అంటాడు," అన్నాడు రాజు. "మళ్లీ ఉప్పెద్దులు వచ్చేనాటికి రుజువు చెయ్యి. లేదా నీ గంటం విరిపించేస్తాను. ఇకమీదట ఉప్పు సంచిలో ఉప్పే ఉంటుంది."

మూడు వందల మంది చదువు ఆ గంటం మొనకి వేలాడుతోంది. దాలయ్యకి అన్నం సయించలేదు. ఎర్రెమ్మ మాత్రం ఎద్దుల్ని తోలుకుపోయింది.

పదిహేనో రోజున ఎద్దులతో పాటు ముగ్గురు మనుషులు సభలోకి వచ్చారు. సుక్కి, పెంటయ్య, పైడమ్మ. పంతుల్ని ఎన్నడూ చూసినవాళ్లు కారు. అటూ ఇటూ చూశారు. అందరిలోకీ పెద్ద తలపాగా ఎవరిదో చూశారు. నేరుగా పెద్దొజ్జ మీదికి వెళ్లారు.

"ఏటయ్యా, ఏడెనిమిదులు యాభై నాలుగా?" అంది సుక్కి.

"నేను కాదే పిల్లా!"

"పున్నమికి ఇరవై రోజులా?" అన్నాడు పెంటయ్య.

"నేను కాదంటుంటే!"

"మూడేళ్ల బట్టి తప్పులు రాస్తన్నావు, ఇంత తలపాగా ఏటికిరా?" అంది పైడమ్మ.

మూలనున్న దాలయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన శిష్యుల గొంతు వినడం అతనికదే మొదలు.

రాజు నవ్వాపుకుని కోట బడి పిల్లల్ని నలభై మందినీ పిలిపించాడు. అదే ఆకు చదవమన్నాడు. నలభై గొంతులూ ఒక్కటై మోగాయి: "ఏడెనిమిదులు యాభై నాలుగూ!"

"ఇందులో తప్పేమైనా ఉందా?"

"లేదండీ! ఆకులో ఉన్నదానికి తప్పుండదండీ!"

పెద్దొజ్జ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పంతులూ," అన్నాడు రాజు, "నీ తప్పులు నువ్వు రాసుకో."

సభ లేచాక పెద్దొజ్జ ఎర్రెమ్మని పక్కకి పిలిచి, "నాకూ ఒక ఆకు వెయ్యి, ఎవరికీ చెప్పకు," అన్నాడట. ఎర్రెమ్మ అందరికీ చెప్పింది.

దాలయ్య పోయి ఎన్నో ఏళ్లయింది. ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో పిల్లలకి పలక ఇచ్చేరోజున పెద్దవాళ్లు కావాలని ఒక తప్పు చెప్తారు. పిల్ల తిడితే, "దాలయ్య శిష్యురాలే!" అని ఎత్తుకుంటారు.

ఆఖరుసారి అతను పంపిన కట్టలో మూడు వందల అరవై వరసలున్నాయట. తప్పు ఏ వరసలో ఉందో చెప్పకుండానే కన్ను మూశాడు. ఒక్కరోజులో చూసేస్తే పంతులితో మాట అయిపోతుందని ఏడాదికి ఒక్క వరసే చూస్తారు. కొత్త ఉప్పు వచ్చిన రోజున అందరూ కూర్చుంటారు. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వేళ్లు లెక్కపెడతారు. ఇప్పటికి మూడు వందల పదకొండు చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఈ ఏడు మూడు వందల పన్నెండో వరస.