ఏలీషా గళ్ళ కిల్టు

"జ్యోతీ, నా కాళ్ళు కట్టేశావే!" అని వీధి చివర్నుంచి కేక వినబడేసరికి, ఖాదర్ మాస్టారి టైలరు కొట్టులో పరంజ్యోతి మిషను ఆపేసింది. ఆ గొంతు ఆమె మొగుడు ఏలీషాది.

అంతకు కాస్త ముందే ఆమె మాస్టారిని ఒక మాట అడిగింది, మొగుణ్ణి ఎంతవరకు పట్టి ఉంచాలి, ఎక్కడ వదలాలి అని. సంసారం గురించి అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. గుండీలు కుట్టుకుంటూ పోయారు.

సంగతేమిటంటే, ఏలీషా పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్టు ఊదుతాడు. ఇరవయ్యేళ్ళు వెనక వరసలో ఊదినవాణ్ణి ఇవాళే మొదటిసారి ముందు నడవమన్నారు. ముందు నడిచేవాడికి కిల్టు ఉండాలని బ్యాండు యజమాని పట్టుబట్టాడు. కిల్టంటే మరేం కాదు, దొరల బ్యాండులో మగవాళ్ళు చుట్టుకునే గళ్ళ పావడా. ముందు చదును, వెనక కుచ్చిళ్ళు. కుట్టు నేర్చి మూడు నెలలైనా కాని పరంజ్యోతి, రెండు గళ్ళ లుంగీలు అతికి తనే కుట్టేసింది. బాగానే కుట్టింది పాపం. కాకపోతే గాలికి లేస్తే వీధిలో పరువేం కాను అని, ఒక్కో కుచ్చిలినీ నడుము నుంచి అంచు దాకా బిగించేసింది.

ఏలీషా పిచ్చికలా గెంతుకుంటూ కొట్టులోకొచ్చి పడ్డాడు. వీధి చివర బ్యాండు వాయిస్తున్న పాట అయ్యేలోగా వెళ్ళకపోతే డ్రమ్ము సంజీవిని ముందు నిలబెడతారట.

"లోపల నిక్కరుందే తల్లీ," అన్నాడు దీనంగా.

మాస్టారు అతణ్ణి వెనక్కి తిప్పి, తుంటి దగ్గర సుద్దతో అడ్డంగా ఒక గీత గీశారు. బ్లేడు పరంజ్యోతి చేతిలో పెట్టారు.

"పైన ముట్టుకోకు. కింద విప్పెయ్."

సొంత కుట్టు విప్పడం ఎంత కష్టమో కుట్టినవాళ్ళకే తెలుసు. పెదవి బిగబట్టి ఒక్కో కుచ్చిలీ విప్పింది. ఏలీషా ఒకడుగు వేసి చూసుకున్నాడు, రెండోది వేశాడు, ఇక పరుగే. మలుపు దగ్గర గాలి రానే వచ్చింది. కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి గానీ నడుము దగ్గర పట్టు కదల్లేదు. క్లారినెట్టు పాట అందుకుంది.

మధ్యాహ్నం పెళ్ళిపందిట్లో బ్యాండువాళ్ళ పంక్తి వేశారు. ఏలీషా మాస్టారినీ లాక్కొచ్చి కూర్చోబెట్టి, తనూ బాసింపట్టు వేశాడు. కిల్టు చాపంతా పరుచుకుంది. పక్కనే కూర్చున్న పరంజ్యోతి చెయ్యి ఊరుకోలేక సర్దడానికి పోయింది.

మాస్టారు విస్తట్లో పప్పు కలుపుకుంటూ, తలెత్తకుండానే అన్నారు:

"తిననియ్యమ్మా. తుంటి దాకా నువ్వు కుట్టిందేగా."