పచ్చి పెంకు మీద అవ్వ చెయ్యి

ఒకప్పుడు పిట్టల గుడ్లన్నీ గోళీల్లా గుండ్రంగా ఉండేవి. అప్పట్లో పిట్టలకు పెంకు చేసుకోవడం రాదు మరి. నూకాలవ్వ అనే కుమ్మరి ముసలమ్మ సారె తిప్పి, మట్టితో పెంకులు చేసి, ఆవంలో కాల్చి ఇచ్చేది. తల్లిపిట్ట వాటి మీద కూర్చుని ప్రాణం పోసేది.

అవ్వకు పట్టింపు ఎక్కువ. రవ్వంత వంకర కనిపించినా, పచ్చిగా ఉండగానే నలిపేసి మళ్ళీ మట్టిలో కలిపేసేది. "నూకాలు చేతిలోంచి సొట్టది బయటికెళ్ళదు" అనేది గొప్పగా.

ఆ గుండ్రటి గుడ్లు చూడ్డానికి ఎంత ముచ్చటో! కానీ గాలి వీస్తే చాలు, దొర్లిపోయేవి. గూళ్ళున్న పిట్టలు ఎలాగో అడ్డం పెట్టుకునేవి. తీతువు పిట్టకు గూడే లేదు. బండ మీద నాలుగు రాళ్ళు జరిపి, అక్కడే గుడ్డు పెట్టుకునేది.

ఒకరోజు అవ్వ కుండలకు ఎర్రమట్టి నీళ్ళు పూసి, ఆ చేత్తోనే ఆరీ ఆరని పెంకు ఒకటి తీసింది. అది తీతువు కోసం చేసిందే. సరిగ్గా అప్పుడే తీతువు వచ్చి వాలింది.

"అవ్వా! నా రెండో గుడ్డు కూడా పోయింది. దొర్లి దొర్లి, రాళ్ళ మీద పడి, ఠప్పుమంది!"

"అయ్యో నా తల్లీ!"

అవ్వ గుండె బిగుసుకుపోయింది. గుండెతోపాటు చెయ్యీ బిగుసుకుంది. చూసుకునేసరికి పెంకు ఒక పక్క సన్నగా సాగింది. ఒంటినిండా ఎర్రటి మరకలు.

"ఛీ, పాడు చేశాను. ఉండు, నలిపేసి ఇంకోటి చేస్తా."

"ఎప్పుడు చేస్తావవ్వా? అటు చూడు."

పడమట మబ్బు లేస్తోంది. వానలు పడితే ఆవం వెలగదు. ఆ ఏడాదికి ఇదే ఆఖరి ఆవం. కొత్త పెంకు ఆరేదాకా ఆగితే, ఈసారికి తీతువుకు పిల్లే లేదు.

"అదే కాల్చివ్వవ్వా. సొట్టదైతేనేం, నేను సాకుతా."

అవ్వ మొహం చిన్నబోయింది. "ఇస్తాలే. నేను చేశానని మాత్రం ఎక్కడా అనకే!"

తీతువు గుడ్డు తెచ్చి బండ మీద పెట్టుకుంది. కాకి వచ్చి తొంగి చూసింది.

"ఏం వదినా, గుడ్డు తెస్తానని వెళ్ళి వంకాయ తెచ్చావేం?"

"నీకెందుకమ్మా? నా బిడ్డ, నా ఇష్టం."

ఇంతలో "తప్పుకోండి, తప్పుకోండి! నాకు ఆగడం రాదు!" అని అరుస్తూ గాలి వచ్చింది. గుడ్డు కదిలింది. దొర్లింది. తీతువు కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఠప్పుమన్న చప్పుడు రాలేదు.

కళ్ళు తెరిచింది. గుడ్డు సన్నటి కొస చుట్టూ గిర్రున ఒక చుట్టు తిరిగి, తల్లి కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది.

"అరె, ఇది పారిపోవడం లేదే!" అంది గాలి.

కాకికి నోరూరింది. తీతువు నీళ్ళు తాగడానికి వెళ్ళగానే బండంతా వెతికింది. ఆ మరకల వల్ల గుడ్డేదో, గులకరాయేదో తెలిస్తేగా! నాలుగు రాళ్ళు పొడిచి, ముక్కు నొప్పెట్టి వెళ్ళిపోయింది.

తీతువుకు పిల్ల పుట్టింది. ఆ సంతోషంలో మాట దాచుకోలేక, ఎగిరిన చోటల్లా అరిచి చెప్పింది. వానలు వెలిసేసరికి అవ్వ గుమ్మం ముందు పిట్టలన్నీ బారులు తీరాయి.

"నాకూ నీ చెయ్యి నొక్కిన గుడ్డే కావాలి!"

"అవ్వా, నాకు మరకలు ఇంకాసిని వెయ్యవూ!"

గుడ్లగూబ మాత్రం, "నేనుండేది తొర్రలో. నాది దొర్లేదెక్కడికి?" అని గుండ్రటిదే పట్టుకెళ్ళింది.

అందరికంటే వెనక కాకి నసుగుతూ నిలబడింది. "అవ్వా... నాకూ ఒక వంకాయ."

అవ్వ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ ఎన్నింటిని నలిపేశానే తల్లీ!" అంది. తర్వాత పిట్టలన్నింటినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పెంకు ఎలా చేసుకోవాలో, ఆ సొట్ట ఎలా నొక్కాలో, మరక ఎలా వెయ్యాలో, అంతా నేర్పేసింది.

అప్పటినుంచే గుడ్డుకు ఒక కొస సన్నగా ఉంటోంది. కావాలంటే మెల్లిగా దొర్లించి చూడండి. ఎటో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. ఒక చుట్టు తిరిగి మీ దగ్గరికే వస్తుంది.