అరటిపళ్ళన్నీ ఒక్కసారే ఎందుకు పండుతాయి

ఒకప్పుడు అరటిపళ్ళకి తొందరన్నది తెలియదు. గెలలో ఒక్కో కాయ తన వంతు వచ్చాకే పండేది. ఇవాళ పైకాయ, రేపు దాని పక్కకాయ, ఎల్లుండి ఆ పక్కది. దూలానికి ఒక గెల కడితే మూడు నెలలు తినేవారు. పండు మగ్గిపోయిందని పారేసే పనే లేదు. మనకిప్పుడు అంత అదృష్టం ఎక్కడిది?

ఆ రోజుల్లో గోదావరి మధ్య ఒక లంక ఊళ్ళో పేరంటాలు అని ఒకావిడ తన ఇంట్లో ఒక్కర్తే ఉండేది. ఆవిడ చెల్లెలు నాగరత్నాన్ని అవతలి ఒడ్డుకి ఇచ్చారు. వరద వచ్చిందంటే పడవలు ఆగిపోతాయి. వరద తీశాక చెల్లెలు వస్తుంది, వస్తే చక్కెరకేళి పళ్ళు అడుగుతుంది. అందుకని పేరంటాలు ఒక గెల దూలానికి కట్టింది. రోజుకొకటి తాను తిని, మిగతావన్నీ చెల్లెలికి ఉంచాలని ఆమె ఆశ.

ఆ గెలకి పైన ఉన్నది పెద్దక్క. అన్నిటికన్నా కింద, కొసన ఉన్నది చిట్టి. బొటనవేలంత ఉంటుంది. గెల కోసిన రోజే తల్లిచెట్టుని నరికేశారు. ఇంక చిట్టికి తల్లయినా తండ్రయినా అక్కే.

"అక్కా, నిద్రపోయావా?" అనేది చిట్టి.

"లేదులే, నువ్వు పడుకో," అనేది అక్క.

ఒకరోజు అక్క పండింది. పేరంటాలు కోసుకుని తినేసింది. చిట్టి పిలిస్తే పైనుంచి జవాబు రాలేదు. మర్నాడు ఇంకో పండు పోయింది, ఆ మర్నాడు ఇంకొకటి. చిట్టి మాత్రం పచ్చగా, గట్టిగా అలాగే వేలాడుతోంది. దానికి బెంగ పట్టుకుంది.

"ఏంటే, ఆ ఏడుపేంటి?" అని అడిగింది పేరంటాలు.

"అక్క నన్ను పిలవకుండానే వెళ్ళిపోయింది. రేపు వీళ్ళందరూ కూడా పోతారు. నేనొక్కదాన్నే మిగులుతాను," అంది చిట్టి.

"నీ వంతుకి ఇంకా రెండు నెలల పైనే ఉంది. అన్నాళ్ళు ఉండమంటే ఏడుస్తావేంటే?"

"ఎవరూ లేకుండా అన్నాళ్ళు ఉండి ఏం చెయ్యను?"

"నీ వయసెంత, నీ మాటలెంత," అని పేరంటాలు కసిరింది. కసిరిందే గాని, ఆ పూట అన్నం సహించలేదు. గుమ్మంలో కూర్చుని ఏటివైపు చూసింది. ఎర్రనీళ్ళే తప్ప అవతలి ఒడ్డు కనపడలేదు. చెల్లెలు పడవెక్కిన రోజు తనూ ఇలాగే ఏడ్చింది.

అప్పుడు చిట్టి ఏడుపు విని కిటికీలోంచి గాలి వచ్చింది. "పండే పండుకి ఒక వాసన ఇస్తాను. అదే దాని పిలుపు. తొడిమ దగ్గర పుట్టి గెలంతా పాకుతుంది. విన్నవన్నీ కలిసి పండుతాయి, ఒక్కటీ వెనక మిగలదు. కానీ పేరంటాలూ, గెల నాలుగు రోజుల్లో అయిపోతుంది. వరద తీసేదాకా ఆగదు. మరి నీ చెల్లెలికి ఏం పెడతావు?" అంది.

పేరంటాలు ఏటినీ, దూలానికున్న గెలనీ మార్చి మార్చి చూసింది.

"నా చెల్లెలు ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. దీని అక్క ఇంక రాదు. కానియ్యి," అంది చివరికి.

మర్నాడు ఒక కాయ పసుపెక్కింది. తియ్యటి వాసన కిందిదాకా దిగింది. "వస్తున్నా, వస్తున్నా" అంటూ కాయలన్నీ వరసగా రంగు తిరిగాయి. చిట్టి కూడా పసుపెక్కింది. పేరంటాలు లంకలో పిల్లలందరినీ పిలిచి పళ్ళు పంచేసింది. చిట్టిని మాత్రం తనే తిన్నది. అంత తీపి ఆవిడ ఎప్పుడూ ఎరగదు.

నెలకి వరద తీసింది. నాగరత్నం పడవ దిగి, వచ్చీ రాగానే దూలం వైపు చూసింది. "నాకేం ఉంచలేదా అక్కా?" అంది.

"ఉంచలేకపోయానే," అంది పేరంటాలు, చెల్లెల్ని గట్టిగా పట్టుకుని.

అప్పటినుంచే ఒక్క అరటిపండు పండితే చాలు, గెలంతా పండిపోతోంది. తెలిసిన ఆడవాళ్ళు పండినదాన్ని వేరు చేసి దూరంగా పెడతారు. పిలుపు పైకి రాకుండా తొడిమలకి గుడ్డ చుడతారు. వాసన గాలికి పోయేలా కిటికీ దగ్గర వేలాడదీస్తారు. ఎన్ని చేసినా కలిసొచ్చేది రెండుమూడు రోజులే. అక్క పిలుపు విన్న చెల్లెల్ని అంతకన్నా ఎవరు ఆపగలరు?