జాబితాలో లేని పులుసు

ఒకానొక రాజ్యంలో ఉదారసింహుడనే మహారాజు ఉండేవాడు. పేరుకు తగ్గ దాత. ఆయన ఎవరికైనా ఒక గుమ్మడికాయ దానమిస్తే, కాయ కంటే ముందు కబురు వెళ్ళి ఇల్లు చేరేది. కాయ ఒక్కోసారి చేరేది కాదు. కబురు మాత్రం ఏనాడూ తప్పలేదు.

ఆ రాజ్యానికి ఎదురుగా, సముద్రంలో ఒక పూట ప్రయాణం దూరాన గవ్వలదీవి ఉంది. మూడు వందల గడప. ఎటు చూసినా ఇసుక, ఇసుక మీద కొబ్బరిచెట్లు. నిమ్మకాయంత రాయి కావాలన్నా ఆ దీవిలో దొరకదు. పిల్లలు ఒకరి మీద ఒకరు విసురుకోవడానికి కూడా గవ్వలే గతి.

దీవి జనం కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి గుంటల్లో నెలల తరబడి నానబెట్టి, కొయ్యదుంగల మీద పెట్టి బాది, పీచు తీసి తాళ్ళు పేనేవారు. ఆ తాడుతో కట్టిన ఓడ గాలివానలో కూడా కదలదని నావికులు చెప్పుకునేవారు. పది తాళ్ళు రేవుకు తెస్తే మూడు సుంకం కింద పోయేవి, ఏడు మిగిలేవి. ఆ ఏడింటితో వాళ్ళు బతికేవారు.

అయితే దీవిలో వరి పండదు. ఆషాఢం వచ్చిందంటే సముద్రం లేస్తుంది, మూడు నెలలు పడవ కదలదు. అందుకని రాజుగారి తాతల కాలం నుంచి, సముద్రం లేవకముందే ధాన్యపు పడవలు దీవికి వెళ్ళడం ఆచారం. ఆ గింజలే మూడు నెలలు వాళ్ళ ప్రాణాలు నిలిపేవి.

ఒకనాడు భోజనమయ్యాక రాజుగారికి ఔదార్యం పుట్టింది. రాజులకు అది సాధారణంగా భోజనమయ్యాకే పుడుతుంది.

"ఇకమీదట గవ్వలదీవి సరుకుకు మన రేవులో సుంకం లేదు!" అన్నాడు.

సభ హర్షధ్వానాలు చేసింది. శిల్పిని పిలిపించి శాసనం చెక్కించారు. పై భాగమంతా రాజుగారి బిరుదులు, పదకొండు. మధ్యలో 'సుంకం లేదు' అన్న ముక్క. కింద, చీమలు పాకినట్టు సన్నటి అక్షరాల్లో, సుంకం లేని సరుకుల జాబితా.

ఆ జాబితా రాసినవాడు మహామంత్రి శేషగోపుడు. గుర్రాలు, ఏనుగు దంతాలు, కుంకుమపువ్వు, పట్టు, చందనం, కస్తూరి... మొత్తం పద్ధెనిమిది. దీవిలో కుంకుమపువ్వు సంగతి అలా ఉంచండి, గాడిద కూడా లేదు. ఉన్నదల్లా తాళ్ళు. ఆ ఒక్కటే జాబితాలో లేదు. రాజుగారి బావమరిది వీరబల్లుడికి ఒడ్డున తాళ్ళ కొట్లు ఉన్నాయి. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. పక్కపక్కన పెట్టానంతే.

దీవి జనమేమీ తక్కువ తినలేదు. సుంకం పోయిందన్న కబురు విని మూడు రోజులు డప్పు కొట్టారు. జాబితా చదవగలిగినవాడు ఒక్కడుంటే మొదటి రోజే ఆపేవారు.

నాలుగో రోజు రేవుకు వెళ్ళిన అచ్చియ్యమ్మకు అసలు సంగతి తెలిసింది. ఈ అచ్చియ్యమ్మ తాళ్ళు పేనే ముసలామె. ఆమె అరచేతులు పట్టుకు చూస్తే పడవ అడుగు తడిమినట్టుండేది. నోరు మాత్రం అంత గరుకు కాదు. మెత్తగానే ఉండేది, అక్కడే ఉంది ప్రమాదం. రేవు గుమాస్తా చేత జాబితా పదిసార్లు చదివించుకుని నోటికి పట్టేసింది. ఏడాదిపాటు విన్నపాలు పెట్టుకుంది. చివరికి శేషగోపుడు కరుణించి తాళ్ళను కూడా జాబితాలో చేర్చాడు, మూడు షరతులతో.

ఒకటి, తాడు దీవిలోనే పేనాలి. రెండు, పీచు మాత్రం వీరబల్లుడి కొట్లోనే కొనాలి. మూడు, ఆ తాడు రాజుగారి పడవలోనే రేవుకు రావాలి. షరతు తప్పిన తాడును సుంకం కట్టినా రేవులో దించనివ్వరు. రాజుగారి పడవ అమావాస్యకు ఒకసారి వస్తుంది.

అంచేత చుట్టూ కొబ్బరిచెట్లున్న జనం సముద్రం దాటి వచ్చి పీచు కొనుక్కుని వెళ్ళసాగారు. సొంత డొక్కలు ఒడ్డున కుళ్ళిపోయాయి. సుంకం లేదు కదా అని వలలు అల్లేవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు కూడా ఆ పనులు మానేసి తాళ్ళ మీద పడ్డారు. మూడేళ్ళలో రేవుకు వచ్చే దీవి తాళ్ళు మూడింతలయ్యాయి. వీరబల్లుడు కొత్త మేడ కట్టాడు. దీవిలో పాత కప్పులే కారాయి.

శేషగోపుడు మూడింతల లెక్క ఒక్కటే పట్టుకుని సభకు వచ్చాడు.

"ప్రభూ, తమ దయవల్ల గవ్వలదీవి సంపన్నమైపోయింది. సంపన్నులకు ఉచిత ధాన్యం ఎందుకు? ఈ ఏడు నుంచి ఆపేద్దాం. అంతకుముందు తమరు స్వయంగా వెళ్ళి వాళ్ళ కృతజ్ఞత స్వీకరించాలి. శాసనాన్ని కూడా అక్కడే ప్రతిష్ఠిద్దాం."

కృతజ్ఞత అనే మాట వింటే రాజుగారు ఆగలేరు. సరేనన్నాడు.

కబురు దీవికి చేరింది. రాజుగారు వస్తున్నారు, విందు సిద్ధం చేయాలి, ఈ ఏడు ధాన్యం రాదు.

కులపెద్ద పోలన్న తల పట్టుకుని కూర్చున్నాడు. "మూడు నెలలు ఇసుక బుక్కాలా పిన్నీ? పసివాళ్ళున్న ఇళ్ళు నలభై ఉన్నాయి."

"ముందు విందు సంగతి చూడరా," అంది అచ్చియ్యమ్మ.

"తిండి ఆపేవాడికి విందా?"

"విందే. మంచి పండుగొప్ప చేపలు పట్టించు. పులుసు వాసన రేవు దాకా రావాలి."

జ్యేష్ఠంలో శుద్ధ షష్ఠి నాడు రాజుగారి పడవ బయలుదేరింది. అప్పటికే సముద్రం కొంచెం మొండికేస్తోంది. దారిలో రాజుగారు, మంత్రిగారు, బావమరిదిగారు పొద్దున తిన్నదంతా చేపలకు దానమిచ్చారు. రాజుగారు చాటింపు లేకుండా చేసిన దానం అదొక్కటే.

దీవిలో దిగగానే శాసనాన్ని ఇసుకలో నిలబెట్టారు. పడుకుంది. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ పడుకుంది. "పోనివ్వండి, అలా ఉంటేనే చదవడానికి వీలు," అన్నాడు శేషగోపుడు.

పందిట్లో ముగ్గురికీ అరటాకులు వేశారు. పక్కనే కుండల్లో పండుగొప్ప పులుసు ఇంకా కుతకుతమంటోంది. రాజుగారి ఖాళీ కడుపు ఆ చప్పుడుకు తాళం వేస్తోంది.

అచ్చియ్యమ్మ చేతులు జోడించి ముందుకు వచ్చింది. "మహాప్రభూ, మా దీవిలో ఒక ఆచారముంది. వచ్చిన అతిథి ఇంట్లో ఏ పద్ధతో, ఆ పద్ధతిలోనే వడ్డిస్తాం. పులుపు తిననివాళ్ళకు పులుపు వేయం. ముందు తీపి తినేవాళ్ళకు ముందు తీపే వేస్తాం. తమకు తమ పద్ధతిలోనే వడ్డిస్తాం."

రాజుగారు మురిసిపోయాడు. "మా పద్ధతి మీకెలా తెలుసు?"

"మూడేళ్ళుగా అలవాటైంది ప్రభూ," అని గొంతు సవరించుకుంది. "ఈ విందులో మహారాజుగారు ఎంత తిన్నా అడ్డులేని వంటకాలు పద్ధెనిమిది! కుంకుమపువ్వు పాయసం, ద్రాక్షపళ్ళు, జింకమాంసం, గోధుమ పూరీలు, మంచుగడ్డ వేసిన పానకం..."

పద్ధెనిమిదీ చెప్పింది. ఒక్కోదానికీ రాజుగారు తల ఊపాడు.

"చాలా బాగుంది. వడ్డించండి."

"ఇవేవీ మా దీవిలో దొరకవు ప్రభూ. కానీ తమకు అడ్డు మాత్రం లేదు."

రాజుగారు ఆకు వంక చూశాడు. ఆకు పచ్చగా ఉంది. అంతకుమించి దాని మీద ఏమీ లేదు.

"మరి ఆ కుండలో ఉన్నదేమిటి?"

"పండుగొప్ప పులుసు. అది జాబితాలో లేదు ప్రభూ."

"ఎందుకు లేదు?"

"మా మరిది ఒకడు చేపల పులుసు అమ్ముకుంటాడు. తమరు ఇక్కడ తినేస్తే వాడికి నష్టం. అయినవాడు కదా, చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

వీరబల్లుడు దగ్గాడు.

"విన్నపం పెట్టుకుంటే చేర్చవచ్చు," అంది అచ్చియ్యమ్మ. "మాకైతే ఏడాది పట్టింది. తమరు ప్రభువులు, ఇప్పుడే మంజూరు చేస్తాం."

ఆకలి ఎంతటివాడి చేతనైనా విన్నపం పెట్టిస్తుంది. "సరే, చేర్చు," అన్నాడు ఉదారసింహుడు.

"చేర్చాను ప్రభూ. మూడు షరతులు. పులుసు ఇక్కడే తినాలి. అందులో కలుపుకునే అన్నం మా మరిది దగ్గరే కొనాలి. ఆ అన్నం మా పడవలోనే రావాలి."

"కొంటాను! పడవ ఎప్పుడొస్తుంది?"

"అమావాస్యకు."

రాజుగారు మంత్రి వైపు తిరిగాడు. "ఈరోజు తిథి ఏమిటి?"

శేషగోపుడు నీరసంగా చెప్పాడు. "షష్ఠి ప్రభూ. శుద్ధ షష్ఠి. ఇంకా ఇరవైనాలుగు రోజులుంది."

"ఇది విందా, వేళాకోళమా!" రాజుగారు లేచి నిలబడ్డాడు. "మా పడవలో ఫలహారాల బుట్టలున్నాయి. తెప్పించండి!"

"అవి తెడ్లు వేసే కుర్రాళ్ళకు పంచిపెట్టేశాం ప్రభూ," అంది అచ్చియ్యమ్మ, అంతే మెత్తగా.

"ఎవరి ఆజ్ఞతో?"

"పద్ధెనిమిది వంటకాలకు అడ్డు లేదన్నాక తమ కడుపు నిండినట్టే కదా ప్రభూ? నిండిన కడుపుకు బుట్టలెందుకని ఆపేశాం. మాకు ధాన్యం ఆపింది కూడా ఇలాగే కదా."

పోలన్న కళ్ళు మూసుకున్నాడు. తల పోతే ముందు తనదే పోతుందని అతని లెక్క. కులపెద్దలకు ఇలాంటప్పుడే పదవి బరువు తెలుస్తుంది.

"ప్రభూ, ఇది రాజధిక్కారం!" అన్నాడు శేషగోపుడు.

రాజుగారు అతని వైపు తిరిగాడు. ఆకలి మీదున్న మనిషికి కొన్ని విషయాలు చప్పున అర్థమవుతాయి.

"శేషగోపా, ఈ దీవిలో గుర్రాలున్నాయా?"

"లేవు ప్రభూ."

"కుంకుమపువ్వు?"

"పండదు ప్రభూ."

"మరి జాబితాలో ఎందుకు రాశావు?"

"జాబితా పొడుగ్గా ఉంటే తమ ఔదార్యం ఘనంగా కనబడుతుందని..."

"పీచు మా బావమరిది దగ్గరే కొనాలని ఎందుకు రాశావు?"

శేషగోపుడు వీరబల్లుడి వంక చూశాడు. వీరబల్లుడు సముద్రం వంక చూశాడు. ఆ క్షణాన సముద్రం ఆయనకు చాలా అందంగా కనబడి ఉంటుంది.

"కానీ తాళ్ళు మూడింతలయ్యాయి కదా!" అన్నాడు రాజుగారు, ఇంకా కొంచెం ఆశతో.

అచ్చియ్యమ్మ ఆయనను పందిరి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ కుళ్ళిపోయిన కొబ్బరి డొక్కలు ఇంటెత్తు పోగు పడి ఉన్నాయి.

"ఇది మా సొంత పీచు ప్రభూ. దీంతో పేనిన తాడును రేవులో దించనివ్వరు. ఇదివరకు పది తాళ్ళలో తమకు మూడు పోతే మాకు ఏడు మిగిలేవి. ఇప్పుడు తమకు ఒక్కటీ పోదు. పీచుకు ఆరు తాళ్ళు, తమ పడవ కిరాయికి రెండు పోతాయి. మాకు రెండు మిగులుతాయి. తాళ్ళు మూడింతలైంది నిజమే. మా చేతులు అరిగిందీ అంతే."

రాజుగారు తిరిగి వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు.

"అచ్చియ్యమ్మా, మా పద్ధతి చూశాను. ఇక మీ పద్ధతిలో వడ్డించు."

"అదేం భాగ్యం ప్రభూ!" అని ఆమె వేడి అన్నం పెట్టి పులుసు పోసింది. దాచిపెట్టిన గింజల్లో ఆఖరి కుంచం అది.

రాజుగారు నాలుగు ముద్దలు గబగబా మింగాడు. అయిదో ముద్దకు నవ్వు మొదలైంది. నవ్వడానికి కూడా కడుపులో ఏదో ఒకటి పడాలి. "మంచుగడ్డ పానకం! అడ్డు మాత్రం లేదు!" అంటూ పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. కొంత పులుసు ఘాటు కూడా ఉండవచ్చు.

"మంత్రికి మాత్రం జాబితా ప్రకారమే పెట్టు!" అన్నాడు.

"అలా వద్దు ప్రభూ, ఎంతైనా అతిథి," అని అచ్చియ్యమ్మ శేషగోపుడి ఆకులోనూ వడ్డించింది. తోకముక్క వేసిందని తర్వాత చెప్పుకున్నారు. నేను చూడలేదు.

అక్కడే, చేయి కడుక్కోకముందే, రాజుగారు ఆజ్ఞలు పలికాడు. ధాన్యం ఎప్పటిలాగే వస్తుంది. సొంత పీచుతో పేనిన తాడుకు సుంకం లేదు. ఎవరి పడవలోనైనా, ఏ తిథినాడైనా తెచ్చుకోవచ్చు. వీరబల్లుడికి కూడా అదే సమయంలో ఒక సలహా ఇచ్చాడు గానీ, బంధువుల మధ్య మాటలు మనకెందుకు?

ఆ తర్వాత తన బంగారు కంకణం తీసి అచ్చియ్యమ్మ ముందు పెట్టాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసింది. "ఇది చేతికుంటే పీచు బాదడానికి అడ్డం ప్రభూ. బహుమతి ఇవ్వదలిస్తే ఆ రాయి ఇప్పించండి."

"ఏ రాయి?"

"ఆ పడుకున్న శాసనం. మా దీవిలో రాయన్నది లేదు. దుంగల మీద బాదితే సగం పీచు పాడవుతుంది. సొంత డొక్కలు మళ్ళీ బాదుకోవాలిగా."

"దాని మీద మా బిరుదులున్నాయే!"

"అందుకే అడుగుతున్నాను ప్రభూ. నున్నటి రాయి మీద డొక్క జారిపోతుంది. అక్షరాలు చెక్కిన రాయి మీద గట్టిగా నిలుస్తుంది. బిరుదులు పదకొండుండబట్టి సరిపోయింది."

ఉదారసింహుడు ఇందాకటి కంటే గట్టిగా నవ్వాడు. రాయి ఇచ్చేశాడు. కంకణం కూడా వెనక్కి తీసుకోలేదు.

ఆ ఆషాఢంలో సముద్రం లేవకముందే ధాన్యపు పడవలు వచ్చాయి. ఈసారి చాటింపు ఆలస్యంగా వచ్చింది, గింజలు ముందే చేరాయి. దీవి ఆడవాళ్ళు శాసనం చుట్టూ కూర్చుని బడితలతో డొక్కలు బాదడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు బిరుదులన్నీ అరిగిపోయాయి. కింద ఉన్న జాబితా అంతకంటే ముందే పోయింది, సన్నటి అక్షరాలు కదా. మధ్యలో ఉన్న 'సుంకం లేదు' అన్న ముక్క ఒక్కటే, లోతుగా చెక్కడం వల్ల, చాలాకాలం మిగిలింది.