విభక్తులు మేసిన మేక

ఏ ప్రశ్న వేసినా ఇన్నాసయ్య ఫాదర్ గారు ముందు "చూద్దాం" అనేవారు. ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో ముప్ఫయ్యేళ్లు లాటిన్ చెప్పాక, వెంటనే ఇచ్చిన జవాబు ఎవరి బుర్రకీ ఎక్కదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ రోజు అడిగినవాడు రాయప్ప. నిరుడు లాటిన్ తప్పాడు. సాయంత్రం నోటి పరీక్షలో మళ్లీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవలసిందే. వాళ్లమ్మ మాత్రం కొడుకు అప్పుడే ఫాదర్ అయిపోయినట్టు ఊరంతా చెప్పేసుకుంది, పాపం.

"ఫాదర్, 'ఔదియెన్స్' అనే లాటిన్ మాటకి విభక్తులన్నీ వచ్చేశాయండీ. అది 'వినడం' అనే క్రియలోంచి పుట్టిందనీ, 'వింటున్నవాడు' అని అర్థమనీ కూడా పట్టించుకోవాలా? రూపాలు వస్తే చాలదా?"

"చూద్దాం," అన్నారు ఫాదర్ గారు.

రాయప్ప వంటింటి వెనక అరుగు మీద చేరి, పుస్తకం పక్కన పెట్టి, బట్టీ పట్టే మనవాళ్లంతా చేసే పనే చేశాడు. కళ్లు మూసుకున్నాడు. రెండు చెవుల్లోనూ వేళ్లు దూర్చుకున్నాడు. ముందుకీ వెనక్కీ ఊగుతూ మొదలుపెట్టాడు.

"ఔదియెన్స్, ఔదియెంతిస్, ఔదియెంతి, ఔదియెంతెం..."

అంతలో వంటమనిషి మరియమ్మ మేక వచ్చి పుస్తకం వాసన చూసింది. నచ్చినట్టుంది.

"ఓ బ్రదరయ్యా! మేక! నీ పుస్తకమయ్యా!" పిండి చేతులతో మరియమ్మ కిటికీలోంచి గగ్గోలు పెట్టింది. వరండాలోంచి ఫాదర్ గారూ కేకేశారు. రాయప్పకు ఏదో గోల లీలగా తగిలింది. చదువుకు అడ్డమని వేళ్లు ఇంకాస్త లోపలికి నొక్కుకుని గొంతు పెంచాడు. ఏకవచనంలో వింటున్నవాడు అయిపోయి, బహువచనంలో వింటున్నవాళ్లు మొదలయ్యేసరికి మేక సగం పుస్తకం ముగించింది.

అతను కళ్లు తెరిచేసరికి అట్ట మిగిలింది.

"ఒక్క కేక వెయ్యకూడదా ఫాదర్!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నాలుగు వేశాను. చివరిది లాటిన్‌లోనే వేశాను."

రాయప్ప సిగ్గుతో చితికిపోయాడు. సాయంత్రం పరీక్ష గుర్తొచ్చి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

"పుస్తకం పోతే పోయింది లెండి. రూపాలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. గట్టెక్కేస్తాను కదండీ?"

ఫాదర్ గారు మేక వంక చూశారు. అది ఇంకా దవడలు ఆడిస్తూనే ఉంది.

"దాని నోట్లోనూ ఉన్నాయి నాయనా. పైగా అది నమిలి మింగుతోంది."