తన ఆకు తానే చదవని చిలక

అనగా అనగా ఒక అడవి. ఆ అడవిలో చెప్పేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ.

ఏటేటా తొలకరికి ముందు, పిల్లలకు పాఠాలు చెప్పే జీవులన్నీ నల్లరాతి గుట్ట మీద సభ చేసేవి. పిల్లలకు చెప్పడానికి కాదు. ఎలా చెప్పాలో ఒకరికొకరు చెప్పుకోడానికి.

సభలో ఊరికే లేచి మాట్లాడితే కుదరదు. ఏం చూపిస్తారో ముందుగా ఒక తాటాకు మీద రాసివ్వాలి. పేరు పెట్టకూడదు. ఎవరి రాతో తెలియకుండా వడ్రంగిపిట్ట అన్ని ఆకులనూ తన ముక్కుతో తిరగరాసేది. ఒక్కో ఆకును ముగ్గురు పంతుళ్లు చదివి మంచిచెడ్డలు రాయాలి. ఆ మాటలనూ వడ్రంగిపిట్టే తిరగరాసి ఆకువారికిచ్చేది. ఎవరి ఆకు వాళ్ల చేతికే వస్తే "ఇది నాది" అని తిరిగిచ్చేయాలి. అదీ కట్టుబాటు. రాసినవారు ఆ మాటలు చూసుకుని మూడు రోజుల్లో ఆకు దిద్దుకోవచ్చు.

ఆ యేడు సభలో మాట్లాడేందుకు ఇక ఒక్కరికే చోటు మిగిలింది. దాని కోసం రెండు ఆకులు వచ్చాయి.

ఒకటి ముంగిసమ్మది. కిందటి వానాకాలం పాములు కౌజుపిట్టల పిల్లల్ని పదకొండింటిని మింగాయి. ముంగిసమ్మ దగ్గర చదివిన పిల్లల్లో మాత్రం ఒక్కటీ పోలేదు. వాసన పట్టి పామును కనిపెట్టడం ఆమె నేర్పేది. ఆ విద్య మిగతా పంతుళ్లకు అందకపోతే ఈ వానలకూ పిల్లలు పోతాయి. అదే ఆమె దిగులు.

రెండోది చిలకపండితుడిది. ఆయన ఏటా మాట్లాడేవాడే. రాసే తీరిక లేదని పొరుగు గోరింక చేత రాయించి, ఒక్కసారైనా చూడకుండా పంపేశాడు. పైగా ఆకులు చదివే ముగ్గురిలో తానూ ఒకడు. మిగతా ఇద్దరు నక్క, తాబేలు.

నక్క రెండు ఆకుల మీదా "బాగుంది" అని గీకి నిద్రపోయింది. చదివితే కదా కష్టం!

చిలక ముంగిసమ్మ ఆకు మీద "తాటాకు దండగ" అని రాశాడు. తన చోటుకు ఎవరూ ఎసరు పెట్టకూడదు మరి. రెండో ఆకు కూడా పోటీవాడిదే అనుకుని ఇంకా ఘాటుగా రాశాడు: "ఈ రాసినవాడు పిల్లల మొహం చూసిన పాపాన పోలేదు. పైన మెరుగు, లోపల ఊక."

తాబేలు ఒక్కో ఆకునూ పూటంతా చదివింది. ముంగిసమ్మ ఆకు మీద ఇలా రాసింది: "విషయం బంగారం. కానీ పాము చెడ్డదని ఆకు నిండా రాశారు. అది మాకూ తెలుసు. వాసన ఎలా నేర్పుతారో ఒక్క ముక్కా చెప్పలేదేం?"

ముంగిసమ్మ ఆ మాటలు చూసి పళ్లు నూరింది. "ఏడు ఈతల పిల్లల్ని పెంచినదాన్ని. నాకే చెప్పొచ్చారు!"

కాసేపటికి చల్లబడింది. 'బాగుందన్నవారు నాకేమిచ్చారు? దండగన్నవారేమిచ్చారు? నా ఆకు చదివింది ఈ మూడోవారే' అనుకుంది. కొత్త ఆకు తీసి రాసింది: "పాము కుబుసం తెచ్చి ఎండుటాకుల్లో దాస్తాను. పంతుళ్లు కళ్లకు గంతలు కట్టుకుని ముక్కుతో వెతకాలి. దొరకనివారు మళ్లీ వెతకాలి."

చిలక మాత్రం ఏటా ఎన్నో ఆకుల మీద ఇలాంటి మాటలే రాసి మరిచిపోయేవాడు. తనకొచ్చినవి తన మాటలేనని పోల్చుకోక, రెక్కలు టపటపలాడిస్తూ సభకు పెద్దయిన ఏనుగమ్మ ముందు వాలాడు.

"నా ఆకును ఊక అన్న మూర్ఖుడెవడో చెప్పాలి!"

"చదివినవారి పేరు చెప్పే ఆచారం లేదు నాయనా. పోయి ఆకు దిద్దుకో" అంది ఏనుగమ్మ.

"నేను పిల్లల మొహం చూడలేదట! వాడి పేరు కావాలి."

పక్కనే ఉన్న వడ్రంగిపిట్ట నసిగింది. "అయ్యా, వదిలేయండి. మీ మేలు కోరే చెబుతున్నా."

చిలక గుట్ట మీద చేరిన పంతుళ్ల నడిమధ్యకు ఎగిరొచ్చాడు. "అందరి ముందూ చెప్పాల్సిందే! వాణ్ణి చదివేవాళ్లలోంచి తీసేయాల్సిందే!"

ఏనుగమ్మ చెప్పమన్నట్టు వడ్రంగిపిట్టకు తల ఊపింది.

"మీరేనండీ" అంది వడ్రంగిపిట్ట.

నక్కకు మెలకువ వచ్చింది.

"పంచేటప్పుడు మీ ఆకు మీ చేతికే వచ్చింది. తిరిగిస్తారని చూశాను. మీరేమో తీర్పు రాసిచ్చారు."

"అది... నేను రాసింది కాదు. గోరింక రాసింది."

"పోనీ, పంపే ముందు చదివావా?" అడిగింది ఏనుగమ్మ.

చిలక ఈకలు సవరించుకున్నాడు.

"సరే, నువ్వడిగినట్టే చేద్దాం. ఆ మూర్ఖుణ్ణి చదివేవాళ్లలోంచి తీసేశాం. నీ ఆకు మీద నువ్విచ్చిన తీర్పు మాత్రం ఖాయం" అంది ఏనుగమ్మ.

చోటు ముంగిసమ్మకు దక్కింది. సభనాడు పంతుళ్లంతా గంతలు కట్టుకుని ఎండుటాకుల్లో దేవులాడారు. నక్కకు మూడోసారికి గానీ కుబుసం దొరకలేదు.

ఆ వానాకాలం సాయంత్రాలు కౌజుతల్లులు పిల్లల్ని పిలిస్తే, పిల్లలన్నీ పలికాయి.

కాబట్టి పిల్లలూ, ఎదుటివారి రాతను తూచే ముందు మీ రాతను మీరు చదువుకోండి. తూచేటప్పుడు, అది మీదే అయితే ఎలా చదువుతారో అలాగే చదవండి.