గోడలో దొరికిన ముసలివాడు

దొరవారి కోటగోడ కూలి, పునాదిలో ఓ అస్థిపంజరం బయటపడింది. దొర ఉప్పు తిన్న వైద్యుడు అచ్యుతశాస్త్రి పుర్రెవైపు చూడనైనా చూడకుండా, "ఎనభై ఏళ్ళవాడు, ముసలితనంతో పోయాడు" అని తేల్చేశాడు.

ఆ గోడ కట్టడానికి వెట్టికి వెళ్ళి తిరిగిరాని కుర్రాడి తల్లి నూకాలు. ఆమె శాస్త్రి చేతిలో వేయించిన శనగలు పోసి, "నమలండి బాబూ" అంది.

"డెబ్బై దాటినవాణ్ణి, నాకు పళ్ళెక్కడివే?" అన్నాడు శాస్త్రి బోసినోటితో.

నూకాలు పుర్రెను ఎత్తి అందరికీ చూపించింది. "మీకన్నా పెద్దాయనకి పళ్ళన్నీ ఉన్నాయి. జ్ఞానదంతమైతే ఇప్పుడిప్పుడే మొలుస్తోంది!"

"అయితే ఏమంటావే?" అని దొర గుడ్లురిమాడు.

"నా బిడ్డని బతకనివ్వని ఏళ్ళన్నీ, చచ్చాక ఇస్తున్నారా దొరా?"